తెల్లవారుజామున తలుపు కొడితే: హక్కుల కార్యకర్తల ఇంట్లో వాళ్లు తెలుసుకోవాల్సినవి

మీ ఇంట్లో ఎవరైనా పౌరహక్కుల సంఘంలో పనిచేస్తుంటే, భూమి పోతున్న ఊళ్ల తరఫున తిరుగుతుంటే, యూనియన్ పెడుతుంటే, పోలీసులకు నచ్చని వార్తలు రాస్తుంటే, ఇది వాళ్లకన్నా ముందు మీరు చదవాలి. కార్యకర్తలకు శిక్షణ తరగతులు ఉంటాయి, తెలిసిన లాయర్లు ఉంటారు. ఇంట్లో ఉన్న భార్యకో, అమ్మకో, తమ్ముడికో మాత్రం ఎవరూ ఏమీ చెప్పరు, అనవసరంగా టెన్షన్ పడతారని. తీరా మనిషిని తీసుకెళ్లాక ఆ రోజంతా స్టేషన్ల చుట్టూ, కోర్టు చుట్టూ పరిగెత్తేది వీళ్లే.

మన దగ్గర ఇది ఊరికే అనుకునే భయం కాదు. 1985లో వరంగల్‌లో పిల్లల డాక్టరు రామనాథం గారిని ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. అదే ఊళ్లో 1991లో లాయరు నర్రా ప్రభాకర రెడ్డిని, 2000లో హైదరాబాద్‌లో పురుషోత్తంను, 2001లో నల్గొండలో ఆజం అలీని చంపారు. వీళ్లంతా పౌరహక్కుల సంఘం వాళ్లే. 1989లో అదే సంఘం నాయకుడు బాలగోపాల్‌ను ఎత్తుకుపోయారు. ఆ రోజుల్లో ఎవరినైనా పట్టుకెళ్లారని తెలియగానే చేసే మొదటి పని టెలిగ్రామ్ కొట్టడం, తర్వాత హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే మనిషిని కోర్టు ముందు పెట్టమనే పిటిషన్, వేయడం. టెలిగ్రామ్ మీద తేదీ, టైము పడుతుంది, ఫలానా మనిషి ఫలానా గంటకు పోలీసుల చేతిలో ఉన్నాడని రికార్డు అయిపోతుంది, ఆ తర్వాత మాకు తెలియదనడం వాళ్లకు కష్టమవుతుంది. ఇప్పుడు టెలిగ్రామ్ లేదు, కానీ ఆ పద్ధతి అంతా అలాగే పనికొస్తుంది. కింద నేను చెప్పేవాటిలో సగం దానికి సంబంధించినవే: టైము రాసుకోండి, పేరు అడగండి, కాగితం తీసుకోండి.

ఈ రోజుల్లో ఎక్కువగా వచ్చేది కేసుల రూపంలోనే. 2022 ఆగస్టులో ములుగు జిల్లా తాడ్వాయి స్టేషన్‌లో ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) కింద 152 మంది పేర్లతో ఎఫ్ఐఆర్ కట్టారు. అందులో ప్రొఫెసర్ హరగోపాల్ గారి పేరుంది, అప్పటికి రెండేళ్ల కిందటే చనిపోయిన బొంబాయి హైకోర్టు మాజీ జడ్జి హెచ్. సురేశ్ పేరూ ఉంది. ఈ సంగతి బయటికి వచ్చింది 2023 జూన్‌లో! దాదాపు పది నెలలు తమ మీద కేసుందని వాళ్లకే తెలియదు. ఆంధ్రలో 2020 నవంబర్ నాటి ముంచంగిపుట్టు కేసు పట్టుకుని 2021 మార్చి 31న జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ వాళ్లు రెండు రాష్ట్రాల్లో హక్కుల కార్యకర్తల, రచయితల, లాయర్ల ఇళ్లు సోదా చేశారు. కాబట్టి మా వాడు ఏమీ చేయలేదు, మా ఇంటికెందుకొస్తారు అనుకోవద్దు.

ముందే చేసి పెట్టుకోవాల్సినవి

ఇద్దరు లాయర్ల నంబర్లు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి వంటింట్లో ఎక్కడైనా అంటించండి. ఫోన్‌లో ఉందిలే అనుకోకండి, మొదట తీసుకునేది ఫోన్లే. ఇద్దరిలో ఒకరు మీ ఊళ్లోనో మీ జిల్లా కోర్టులోనో ఉండాలి, ఎందుకంటే మేజిస్ట్రేట్ దగ్గరికి అరగంటలో చేరగలిగేది వాళ్లే, హైదరాబాద్‌లో ఎంత పెద్ద లాయరున్నా మొదటి రోజు పనికి దూరమే. సంతకం చేసిన వకాల్తా ఒకటి ఆ లాయరు దగ్గర ముందే ఉంచితే ఇంకా మంచిది. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100 కూడా ఆ కాగితం మీదే రాయండి.

రోజూ వేసుకునే మందుల చీటీలు, ఆపరేషన్ కాగితాలు, వికలాంగుల సర్టిఫికెట్ ఉంటే అది, అన్నీ జెరాక్స్ తీసి ఒక కవర్లో పెట్టి చుట్టాలింట్లో ఉంచండి. ఇది ఎంత ముఖ్యమో జైలు గురించి చెప్పేటప్పుడు మళ్లీ చెబుతాను.

రాసుకున్నవి, చదువు తాలూకు పనులు, పిల్లల ఫొటోలు వేరే చోట బ్యాకప్ పెట్టుకోండి. 2018 ఆగస్టు 28న హైదరాబాద్‌లో వరవరరావు గారింటితో పాటు ఆయన అల్లుడు, ఇఫ్లూ ప్రొఫెసర్ సత్యనారాయణ ఇంటికీ పుణె పోలీసులు వచ్చి హార్డ్ డిస్కులు, ఆయన రాసుకున్నవి పట్టుకెళ్లారు, ఏళ్ల తరబడి చేసిన పని పోయిందని ఆయనే పత్రికలకు చెప్పారు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న మీ వాళ్లు ఏం సాయం చేయగలం అని అడిగితే ఇదే చెప్పండి: ఒక కాపీ వాళ్ల దగ్గర ఉంచమనండి, మన ఫోన్లు పోయిన రోజు మన తరఫున ఈమెయిళ్లు పంపమనండి. ఫోన్‌కు వేలిముద్ర, ముఖంతో తెరుచుకునే లాక్ తీసేసి పొడవాటి పాస్‌వర్డ్ పెట్టుకోండి.

ఎఫ్ఐఆర్‌లను ఇరవై నాలుగు గంటల్లో ఆన్‌లైన్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది, కానీ సున్నితమైన కేసులు అని మినహాయింపు ఉంది, ఉపా కేసులు ఎక్కువగా అందులోనే దాక్కుంటాయి. మీ జిల్లాలో అలాంటి కేసులో ఎవరైనా అరెస్టయితే వాళ్ల లాయరును అడిగి రిమాండ్ రిపోర్టులో ఇంకెవరి పేర్లున్నాయో చూడండి. తాడ్వాయి కేసు బయటపడింది కూడా వేరే మనిషి బెయిల్ విచారణలోనే.

తలుపు దగ్గర

వచ్చినవాళ్లు మఫ్టీలో ఉంటే ఐడీ కార్డు చూపించమని అడగండి. పేరు, హోదా, ఏ స్టేషన్, ఏ కేసు నంబరు, సోదా వారెంట్ ఉందా లేదా. వారెంట్ లేకుండా కూడా కొన్ని సందర్భాల్లో సోదా చేసే అధికారం వాళ్లకుంది, కాబట్టి లేదన్నారని తలుపుకు అడ్డం పడకండి. చెయ్యి తగిలినా, తోపులాట జరిగినా, విధులకు ఆటంకం అని కొత్త కేసు పెడతారు, జనం 353 అని పిలిచే ఆ ఐపీసీ సెక్షన్ ఇప్పుడు దాని బదులు వచ్చిన కొత్త శిక్షాస్మృతి బీఎన్ఎస్‌లో 132 అయింది. అభ్యంతరం నోటితో చెప్పండి, సోదాలో సాక్షుల ముందు రాసే పంచనామా మీద రాయండి, ఒంటితో మాత్రం వద్దు. వాళ్లెవరో అసలు చెప్పకుండా మనిషిని బండెక్కిస్తుంటే వెంటనే 112కి ఫోన్ చేసి కిడ్నాప్ జరుగుతోందని చెప్పండి. పోలీసుల మీద పోలీసులకే ఫోన్ చేస్తే ఏం లాభం అంటారేమో, ఆ కాల్ టైముతో సహా రికార్డవుతుంది, మీకు కావాల్సింది అదే.

అరెస్టు, సోదా, బెయిల్ ఎలా జరగాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ 2024 జులై 1 నుంచి పోయి బీఎన్ఎస్ఎస్ వచ్చింది. అందులో 105వ సెక్షన్ ప్రకారం సోదా మొత్తాన్ని, స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా రాయడంతో సహా, వీడియో తీయాలి. తీస్తున్నారా అని గట్టిగా, కెమెరాలో వినపడేలా అడగండి. 103 ప్రకారం ఆ ప్రాంతానికి చెందిన ఇద్దరు తటస్థులు పంచులుగా, అంటే సాక్షులుగా, ఉండాలి, మీరు దగ్గరుండి చూసే హక్కు ఉంది, జాబితా కాపీ మీకు ఇవ్వాలి. 2018 జనవరిలో మహారాష్ట్రలో జరిగిన హింస మీద పెట్టిన భీమా కోరేగావ్ కేసులో (పైన చెప్పిన హైదరాబాద్ సోదాలు ఆ కేసులోవే) పుణె నుంచే పంచులను వెంటపెట్టుకొచ్చారన్న అభ్యంతరం కోర్టు దాకా వెళ్లింది. కాబట్టి పక్కింటి వాళ్లను పిలవండి, వాళ్లు రావడానికి భయపడితే కనీసం బాల్కనీలో నిలబడి చూడమనండి. నలుగురు పోలీసులు నాలుగు గదుల్లోకి ఒకేసారి వెళ్తుంటే ఒక్కో గది చూద్దాం అని అడగండి, మీ ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందీ తలో గదిలో ఉండండి.

లాప్‌టాప్, ఫోన్, పెన్‌డ్రైవ్ విషయంలో ఒక్క క్షణం ఆగండి. ప్రతి వస్తువుకూ కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు జాబితాలో రాయించండి. ఒక్కో ఫోన్‌కు విడిగా ఉండే ఐఎంఈఐ నంబరు ఫోన్ డబ్బా మీద ఉంటుంది, అందుకే డబ్బాలు పారేయొద్దు. మీ ముందే సీల్ వేయించండి. హ్యాష్ వాల్యూ ఇవ్వమని అడగండి. ఆ క్షణానికి అందులో ఉన్న సమాచారం మొత్తానికి కట్టిన ఒక పొడవాటి అంకె అది, తర్వాత ఒక్క ఫైలు చేర్చినా, తీసినా ఆ అంకె మారిపోతుంది. ఇవ్వకపోతే "హ్యాష్ వాల్యూ అడిగాం, ఇవ్వలేదు" అని పంచనామాలో మీ సంతకం పక్కన మీ చేత్తో రాయండి. ఎందుకింత పట్టు పట్టాలంటే, అదే భీమా కోరేగావ్ కేసులో నిందితుడైన రోనా విల్సన్ కంప్యూటర్‌లోకి మాల్‌వేర్ పంపి, ఆయనకు తెలియకుండా ఉత్తరాలు పెట్టారని అమెరికాకు చెందిన ఆర్సెనల్ కన్సల్టింగ్ 2021 ఫిబ్రవరిలో రిపోర్టు ఇచ్చింది. ఆ ఉత్తరాలే కేసుకు ఆధారం అన్నారు పోలీసులు. మనుషులు మాత్రం ఏళ్లకేళ్లు జైల్లో ఉన్నారు.

పాస్‌వర్డ్ చెప్పమంటే, కోర్టులు ఈ విషయంలో ఒకే మాట మీద లేవు, కాబట్టి "మా లాయరుతో మాట్లాడి చెబుతాం" అనండి. తెల్ల కాగితం మీద సంతకం ఎంత బతిమాలినా, ఎంత బెదిరించినా పెట్టొద్దు. ఖాళీలున్న ఫారం అయితే ఖాళీల్లో గీత గీసి పెట్టండి.

ఇంకొకటి. సోదాలో అక్కర్లేని ప్రశ్నలు చాలా వేస్తారు. ఇంట్లో ఫూలే, అంబేద్కర్ పటాలున్నాయి, దేవుడి పటాలు ఎందుకు లేవు అని, బొట్టెందుకు పెట్టుకోలేదు అని సత్యనారాయణ గారింట్లో అడిగారు. ఇన్ని పుస్తకాలెందుకు అన్నారు. మనసుకు ఎంత కష్టంగా ఉన్నా వాదన పెట్టుకోవద్దు, జవాబు చెప్పాల్సిన పనీ లేదు. ఏం అడిగారో గుర్తుపెట్టుకుని సాయంత్రం రాసి పెట్టండి.

తీసుకెళ్తుంటే

అరెస్టు మెమో అడగండి. 1996 నాటి సుప్రీంకోర్టు డీకే బసు తీర్పు నుంచీ ఇది తప్పనిసరి, ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 36లో ఉంది. దాని మీద అరెస్టు చేసిన తేదీ, టైము ఉంటాయి, ఇంట్లో వాళ్లదో, ఆ ప్రాంతంలోని పెద్దమనిషిదో సాక్షి సంతకం ఉండాలి. ఆ టైము గడి చూడండి! పొద్దున ఐదున్నరకు తీసుకెళ్లి కాగితం మీద సాయంత్రం ఏడు అని రాసుకోవడం మామూలే, ఎందుకంటే మేజిస్ట్రేట్ ముందు పెట్టాల్సిన ఇరవై నాలుగు గంటలు అప్పటినుంచి లెక్కపెడతారు. టైము తప్పుంటే అసలు టైము రాశాకే సంతకం చేయండి. మీ వీధిలో ఎవరి సీసీ కెమెరా అయినా మీ గుమ్మం వైపు ఉంటే ఆ రోజే ఆ ఫుటేజీ కాపీ తీసుకోండి, చాలా కెమెరాల్లో కొద్ది రోజులకే పాతది చెరిగిపోతుంది. స్టేషన్ల కెమెరాల ఫుటేజీ కనీసం ఏడాది ఉంచాలని 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది, దాన్ని భద్రపరచమని లాయరు చేత పిటిషన్ వేయించండి.

అరెస్టుకు కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇది కొత్తగా వచ్చిన బలమైన హక్కు. 2023 అక్టోబర్‌లో న్యూస్‌క్లిక్ ఎడిటర్ ప్రబీర్ పురకాయస్థను ఉపా కింద అరెస్టు చేసి, లాయరుకు సరిగా కబురు కూడా చేయకుండా మర్నాడు తెల్లవారకముందే రిమాండ్ తీసుకున్నారు. కారణాలు రాసి ఇవ్వలేదు కాబట్టి ఆ అరెస్టే చెల్లదని 2024 మే 15న సుప్రీంకోర్టు విడుదల చేసింది. 2025 నవంబర్‌లో ఇంకో తీర్పులో ఇది అన్ని నేరాలకూ వర్తిస్తుందని, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలని, మేజిస్ట్రేట్ ముందు పెట్టడానికి కనీసం రెండు గంటల ముందు ఇవ్వాలని చెప్పింది. భాష మాట చిన్నది కాదు, 2018లో హక్కుల కార్యకర్త గౌతమ్ నవ్‌లఖాను భీమా కోరేగావ్ కేసులోనే ఢిల్లీలో పట్టుకున్నప్పుడు కాగితాలన్నీ మరాఠీలో ఉన్నాయి, ఆ లోపం కూడా చూసే ఢిల్లీ హైకోర్టు ట్రాన్సిట్ రిమాండ్ (వేరే రాష్ట్రానికి తీసుకెళ్లడానికి కోర్టు ఇచ్చే అనుమతి) కొట్టేసింది. కాబట్టి వేరే రాష్ట్రం పోలీసులొస్తే తెలుగులో ఇవ్వమని అడగండి, ట్రాన్సిట్ రిమాండ్ కోసం మన దగ్గరి ఏ కోర్టుకు తీసుకెళ్తున్నారో అడగండి.

ఆడవాళ్లను సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అరెస్టు చేయకూడదు. అసాధారణ పరిస్థితి అని వాళ్లంటే మహిళా అధికారి ఉండాలి, ఆమె ముందే మేజిస్ట్రేట్ అనుమతి తీసుకుని ఉండాలి.

మొదటి గంటలో పంపాల్సిన మెసేజ్

బండి వీధి మలుపు తిరగగానే ఇది టైప్ చేయండి, మీ ఫోన్ లేకపోతే పక్కింటి ఫోన్ నుంచి. ఏడుస్తూ అయినా సరే చేయండి. ఇందులో అభిప్రాయాలు, ఊహలు ఉండకూడదు, చూసినవే ఉండాలి:

"ఈ రోజు, తేదీ ఇంత, ఉదయం ఇన్ని గంటలకు, ఫలానా చిరునామాలో ఉన్న మా ఇంటి నుంచి నా భర్త ఫలానా పేరు గల వ్యక్తిని, వయసు ఇంత, ఇంతమంది పోలీసులు తీసుకెళ్లారు. అందులో ఒకరు తన పేరు ఫలానా అని, ఫలానా స్టేషన్ అని చెప్పారు. బండి నంబరు ఇది. అరెస్టు మెమో ఇచ్చారు లేదా ఇవ్వలేదు. కారణం చెప్పారు లేదా చెప్పలేదు. ఆయనకు షుగర్ ఉంది, ఫలానా మందులు వేసుకోవాలి. ఆయన ఎక్కడున్నారో మాకు వెంటనే తెలియజేయాలని, చట్టప్రకారం ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలని కోరుతున్నాను."

ఇదే లాయరుకు, సంఘానికి, జిల్లా ఎస్పీకి లేదా కమిషనర్‌కు, హైకోర్టు రిజిస్ట్రార్‌కు, జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు ఈమెయిల్ చేయండి. కమిషన్ ఫోన్ 14433, హక్కుల కార్యకర్తల ఫిర్యాదుల కోసం అక్కడ ప్రత్యేకంగా ఒక అధికారి కూడా ఉంటారు. ఏడాది దాటితే ఆ కమిషన్ ఫిర్యాదు తీసుకోదు. పోస్టాఫీసు తెరవగానే ఒక కాపీ స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ఏ స్టేషన్‌లోనూ లేడంటే జిల్లా పోలీస్ కంట్రోల్ రూమ్‌కు వెళ్లండి, అరెస్టయిన వాళ్ల పేర్లు ప్రతి స్టేషన్‌లో, జిల్లా కేంద్రంలో అందరికీ కనిపించేలా పెట్టాలని చట్టం. సాయంత్రానికీ ఆచూకీ లేకపోతే హెబియస్ కార్పస్ గురించి లాయరుతో మాట్లాడండి, ఇంకో రోజు చూద్దాం అనుకోవద్దు.

మేజిస్ట్రేట్ ముందు ఆ ఐదు నిమిషాలు

రాత్రిపూట మేజిస్ట్రేట్ ఇంటి దగ్గర హాజరుపరిచినా సరే, మీరూ లాయరూ అక్కడుండాలి. కొట్టారా అని మేజిస్ట్రేట్ అడిగినప్పుడు పక్కన పోలీసులున్నారని లేదు సార్ అనేవాళ్లు చాలామంది. దెబ్బలుంటే అప్పుడే చెప్పాలి, చూపించాలి, రికార్డు చేయమని అడగాలి, తర్వాత చెబితే ముందు ఎందుకు చెప్పలేదంటారు. మందులు, కళ్లద్దాలు, ఇంటి భోజనం, లాయరును కలిసే అవకాశం, ఏది కావాలన్నా ఆ రోజే పిటిషన్‌గా ఇచ్చి ఆర్డర్‌లో రాయించుకోండి. నోటిమాటగా ఇచ్చిన హామీ జైలు గేటు దగ్గర ఎవరూ వినరు.

అరెస్టు కాకుండా జరిగేవి

ఇవే ఎక్కువమందికి ఎదురవుతాయి. ఛలో అసెంబ్లీ, ఛలో కలెక్టరేట్ అని పిలుపిస్తే చాలు, ముందు రోజు రాత్రికే ఆశా వర్కర్ల నుంచి విద్యార్థి నాయకుల దాకా ముందస్తు అరెస్టులు, హౌస్ అరెస్టులు. గుమ్మం ముందు కానిస్టేబుల్‌ను కూర్చోబెట్టి బయటికి వెళ్లొద్దనడానికి ఏ సెక్షన్ అని అడగండి, నోటీసు రాసి ఇవ్వమనండి. బీఎన్ఎస్ఎస్ 170 కింద ముందస్తుగా అదుపులోకి తీసుకుంటే ఇరవై నాలుగు గంటలకు మించి ఉంచకూడదు. కాగితం ఇవ్వకపోతే టైము కనిపించేలా ఫొటో తీసి, మమ్మల్ని ఇంట్లో నిర్బంధించారని ఎస్పీకి మెయిల్ పెట్టండి. ప్రతిసారీ పెట్టండి. ఇలాంటివి నాలుగైదు పోగైతే హైకోర్టులో రిట్ వేయడానికి అవే ఆధారం.

బైండోవర్ అంటే సంతకం పెట్టి పోవడమే అని ఎస్సై చెబుతాడు. అంత తేలిక కాదు, శాంతిభద్రతల పేరుతో ఏడాది దాకా మిమ్మల్ని పూచీకత్తు మీద కట్టేయడం అది, మధ్యలో ఏ ధర్నాకు వెళ్లినా బాండు తప్పారంటారు. అందుకు ముందు కారణాలతో రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, మీ వాదన వినాలి. తహసీల్దార్ ఆఫీసుకైనా లాయరుతోనే వెళ్లండి.

స్టేషన్‌కు ఒకసారి వచ్చి పొమ్మని ఫోన్ చేస్తే, నోటీసు పంపమనండి. విచారణకు రమ్మని బీఎన్ఎస్ఎస్ 35(3) కింద ఇచ్చే నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. సాక్షిగా పిలుస్తుంటే ఆడవాళ్లు, అరవై దాటిన వాళ్లు, వికలాంగులు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్లు స్టేషన్‌కు వెళ్లక్కర్లేదు, వాళ్లే ఇంటికొచ్చి అడగాలి. పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలం మీద సంతకం అవసరం లేదు.

జైలుకు పంపితే

ఉపా కేసులో మామూలు బెయిల్ చాలా కష్టం, అందుకే తేదీలు లెక్కపెట్టుకోవాలి. చార్జిషీటుకు తొంభై రోజులు, కోర్టు పొడిగిస్తే నూట ఎనభై. గడువు దాటి చార్జిషీటు రాకపోతే డిఫాల్ట్ బెయిల్ హక్కు వస్తుంది, కానీ అడిగితేనే, అదీ చార్జిషీటు పడకముందే. భీమా కోరేగావ్ కేసులో లాయరు సుధా భరద్వాజ్‌కు 2021 డిసెంబర్‌లో బొంబాయి హైకోర్టు అలాగే బెయిల్ ఇచ్చింది, అదే కేసులో వరవరరావు గారితో సహా మిగతా ఎనిమిది మందికి సకాలంలో దరఖాస్తు పెట్టలేదన్న కారణంతో ఇవ్వలేదు. ఆ తొంభైయ్యో రోజు, నూట ఎనభైయ్యో రోజు ఏ తేదీలకు వస్తాయో ఇంట్లో క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టి, వారం ముందు నుంచీ లాయరుకు గుర్తుచేస్తూ ఉండండి. ఒక కేసులో బెయిల్ వచ్చాక జైలు గేటు దగ్గరే పీటీ వారెంట్‌తో (జైల్లో ఉన్న మనిషిని వేరే కేసులో కోర్టు ముందు పెట్టడానికి ఇచ్చే వారెంట్) ఇంకో కేసులో ఎత్తుకుపోవడం ఉంది కాబట్టి విడుదల రోజు లాయరు గేటు దగ్గరే ఉండాలి.

మందుల కవర్ ఇప్పుడు కావాలి. అదే కేసులో అరెస్టయిన, పార్కిన్సన్స్ (చేతులు వణికే జబ్బు) ఉన్న ఫాదర్ స్టాన్ స్వామి 2020లో తలోజా జైల్లో నీళ్లు తాగడానికి స్ట్రా, సిప్పర్ కోసం కోర్టును అడగాల్సి వచ్చింది, 2021 జులై 5న కస్టడీలోనే చనిపోయారు. అమలాపురంలో పుట్టిన, వేరే ఉపా కేసులో జైలుకెళ్లిన ఢిల్లీ యూనివర్సిటీ ప్రొఫెసర్ సాయిబాబా తొంభై శాతం వైకల్యంతో వీల్‌చైర్‌లో నాగపూర్ జైల్లో ఏళ్లు గడిపారు, 2024 మార్చిలో నిర్దోషిగా బయటికొచ్చి ఆ అక్టోబర్ 12న నిమ్స్‌లో చనిపోయారు. అందుకే ప్రతి ములాఖత్‌లో మొదట అడగాల్సింది కేసు గురించి కాదు, మందులు ఇస్తున్నారా, డాక్టరు చూశాడా, రాత్రి నిద్రపడుతోందా అని. ఇవ్వడం లేదంటే ఆ రోజే జైలు సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ స్టాంపు వేయించుకోండి, రెండు రోజుల్లో కదలిక లేకపోతే అదే కాగితంతో కోర్టుకు. చికిత్స నిరాకరించారని నిరూపించడానికి ఆ స్టాంపు ఒక్కటే మీ చేతిలో ఉండేది.

పట్టుకెళ్లిన ఫోన్లు, లాప్‌టాప్‌లు తిరిగి ఇప్పించమని పిటిషన్ వేయవచ్చు, ఫోరెన్సిక్ ల్యాబ్ కాపీ తీసుకోవడం అయిపోయాక పిల్లల చదువుకు వాడేవి, నిందితుడివి కానివి ముందు అడగండి. తిరిగొచ్చిన ఫోన్‌లో మాత్రం వెంటనే సిమ్ వేసి పాత ఖాతాలు తెరవకండి, లాయరును అడిగి, తెలిసిన సాంకేతిక నిపుణుడికి చూపించాకే వాడండి.